సులగేరియాలో మన పేరు

కృష్ణగిరి,
జూన్ 14

అక్కకు నమస్కారం.

నా ఫోను పలకడం లేదని కంగారు పడుతుంటావు. నేనే ఆపేశాను. నా నంబరును ఎవరో ఊరంతా పంచారు. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఫోను చేసి, పోయిన అమ్మను కూడా వదలకుండా తిడుతున్నారు. ఇప్పుడు నీ మరదలు స్మిత ఫోనుకూ మొదలైంది. కొన్నాళ్లు మనం కాగితం మీదే మాట్లాడుకుందాం. నువ్వు ఎవరి నోటనో వినేలోపు జరిగింది జరిగినట్లు చెబుతాను.

మా కాలేజీలో నా దగ్గర స్టాటిస్టిక్స్ చదివిన శ్రేయస్ నీకు గుర్తున్నాడో లేదో. మనవాళ్ల అబ్బాయే. వాళ్ల నాన్న మా కాలేజీ ట్రస్టులో పెద్దమనిషి. బెంగుళూరులో సర్వే కంపెనీ పెట్టి, ఇప్పుడు టీవీల్లో కనిపించేంత వాడయ్యాడు. విదేశాల్లో మన దేశానికి ఎంత పేరుందో కొలిచి ఏటా ఒక రిపోర్టు వేస్తాడు. ఈసారి దాన్ని మా కాలేజీ హాలులోనే విడుదల చేశాడు. ముప్పై దేశాల్లో నూటికి డెబ్బై ఎనిమిది మందికి మన దేశమంటే ఇష్టమట. హాలంతా చప్పట్లు.

చప్పట్లు నేనూ కొట్టాను. ఆ తర్వాత లేచి, నేను నేర్పిన పాఠమే కదా అనే చనువుతో అడిగాను: "ఆ దేశాల్లో ఎవరిని అడిగినారప్పా? ఏ భాషలో అడిగినారు? తెలియదన్నవాళ్లను ఏం చేసినారు?"

వాడు నవ్వాడు. మైకు నోటి దగ్గర పెట్టుకుని, "మా సార్ ఎప్పుడూ ఇంతే. దేశానికి మంచి పేరొస్తే ఆయనకు అజీర్తి చేస్తుంది" అన్నాడు. హాలంతా నవ్వింది. నా పక్కన కూర్చున్నవాళ్లూ నవ్వారు. నేను తడబడి, "దేశం మీద నమ్మకం వేరు, ఈ అంకె మీద నమ్మకం వేరు. ఈ అంకెను నేను నమ్మను" అన్నాను. సాయంత్రానికల్లా వీడియో వచ్చింది. ప్రపంచం మన దేశాన్ని ప్రేమిస్తోందని వాడు అనడం, వెంటనే నేను "నేను నమ్మను" అనడం. మధ్యలో ఉన్నదంతా కోసేశారు.

నిన్న సస్పెండ్ చేశారు. విచారణ జరుపుతారట.

నీ తమ్ముడు,
గిరిప్రసాద్


హోసూరు,
జూన్ 20

గిరీ,

ఉత్తరం చదివి దుకాణంలోనే ఏడ్చాను. గిరాకీలు చూస్తున్నారని కూడా అనుకోలేదు. ఏడుపు ఆగినాక కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా దిగలేదు.

వాణ్ణి ఊరికే వదిలావంటే నువ్వు నా తమ్ముడివే కాదు. పాఠం చెప్పినవాణ్ణి పదిమందిలో నవ్వులపాలు చేస్తాడా? వాడు మనవాళ్ల అబ్బాయి అని రాశావు. మనవాడు కాబట్టే నాకు ఎక్కువ మండుతోంది.

నాకు నీ లెక్కలు తెలియవు. అయినా ఒక సంగతి చెబుతాను. ఇక్కడి ఫ్యాక్టరీలో పనిచేసే జపాన్ ఇంజనీరు భార్య ఒకామె మన దుకాణంలో స్టీలు డబ్బాలు కొంటుంది. రెండేళ్లుగా వస్తోంది, కాస్త తమిళం కూడా నేర్చుకుంది. మన దేశం ఇష్టమేనా అని సర్వే వాళ్లు ఆమెను అడిగారట. "ఇష్టం అని చెప్పినాను. మీ ఇంట్లో కూర్చోని, మీ ఇల్లు బాగలేదని చెప్తానా?" అంది. నిజంగా ఎలా ఉందమ్మా అని నేనడిగితే గల్లాపెట్టె పక్కన కూర్చుని చాలాసేపు చెప్పింది. రోడ్డు దాటడానికి భయం. పక్కింటివాళ్లు పండగనాడు అన్నీ పంపుతారు, కానీ లోపలికి రమ్మని పిలవరు. వాళ్ల అబ్బాయికి మాత్రం ఇక్కడి నుంచి వెళ్లడం ఇష్టం లేదు. ఇవన్నీ నూటికి ఎంత అని రాస్తారు?

ఏం చేస్తావో చెయ్యి. నీ వెనక నేనున్నాను. వాడు తల దించుకోవాలి, అది నేను చూడాలి.

అక్క,
కోమల


కృష్ణగిరి,
జూలై 19

అక్కకు,

విచారణ అయిపోయింది. నన్ను మాట్లాడనివ్వలేదు. కాలేజీ పరువు తీశానని ఉద్యోగం నుంచి తీసేశారు. నా గది తాళాలు ఇచ్చి బయటకు వస్తుంటే, ఆ రోజు నా పక్కన కూర్చుని నవ్విన ఈశ్వరప్ప ఎదురొచ్చి, "ఊరికే ఉండాల్సింది కదా సార్" అన్నాడు. జాలిపడుతున్నాడు. వాడి జాలి నాకు నవ్వుకంటే చేదుగా ఉంది.

ఇప్పుడు నాకు తీరిక దొరికింది. ఆ రిపోర్టు మొదటి నుంచి చివరిదాకా చదివాను. వాడు ఏ దేశంలోనూ ఎవరి గడపా తొక్కలేదు. ఇంటర్నెట్లో ప్రశ్నలకు జవాబిస్తే కూపన్లు ఇచ్చే చోట్లుంటాయి. అక్కడ ఇంగ్లీషు చదవగలిగినవాళ్లను అడిగాడు. ముందు మన పండుగల బొమ్మలు, సినిమా పాటలు చూపించి ఆ తర్వాత ఇష్టమా అని అడిగాడు. తెలియదన్నవాళ్లను లెక్కలోంచి ఎత్తేశాడు. మా ఊరి మామిడి మండీలో నిలబడి, చేతిలో ముక్క పెట్టి, మామిడిపండు ఇష్టమా అని అడిగినట్లుంది.

మన దేశాన్ని బయటివాళ్లు ఇష్టపడరని నేను అనడం లేదక్కా. ఇష్టపడతారో లేదో వాడికి తెలియదు, నాకూ తెలియదు. తెలియదని చెప్పడానికి వాడికి నోరు రాదు. అదొక్కటే వాడి జబ్బు.

ఇదంతా రాసి పేపర్లకు పంపాను. ఎవరూ వేయలేదు. వేస్తారనీ అనుకోలేదు. వాదించి గెలవాలన్న ఆశ చచ్చింది. వాడు నన్ను సభలో నవ్వులపాలు చేశాడు. వాడు కూడా సభలోనే నవ్వులపాలు కావాలి. పొద్దున లేస్తే అదే ఆలోచన. అన్నం తింటున్నా అదే. స్మిత భయపడుతోంది. నాకు మాత్రం ఈ పగే బలంగా ఉంది.

గిరి


హోసూరు,
ఆగస్టు 12

గిరికి,

ఆశీస్సులు. ఇక్కడంతా క్షేమం. వానలు బాగా పడుతున్నాయి. తళి నుంచి కూరగాయలు చవగ్గా వస్తున్నాయి, స్మితకు కొన్ని పంపుదామనుకుంటున్నాను.

నీ సంగతి మీ బావతో మాట్లాడాను. ఏదో మాట జారిందని ఒక క్షమాపణ రాసిచ్చేస్తే పోతుంది కదా అంటున్నారు. నాకూ అదే మంచిదనిపిస్తోంది. నువ్వు సంసారం ఉన్నవాడివి. వాళ్లు పెద్దవాళ్లు, మనం దుకాణం పెట్టుకుని బతికేవాళ్లం. ఎన్నాళ్లని ఈ పట్టుదల? ఆ అబ్బాయి కూడా మరీ చెడ్డవాడేమీ కాదని తెలిసినవాళ్లు అంటున్నారు. వయసు వేడిలో అనేసి ఉంటాడు.

నీ మేనకోడలు సాయిప్రియ బాగుంది. రోజూ జూజువాడి సరిహద్దు దాటి బెంగుళూరు ఆఫీసుకు వెళ్లి వస్తోంది.

కోమల


కృష్ణగిరి,
ఆగస్టు 20

అక్కకు,

నీ ఉత్తరంలో నీ గొంతు లేదు. బావ చెబుతుంటే రాసినట్లుంది.

"వాడు తల దించుకోవాలి, అది నేను చూడాలి" అన్నది నువ్వేనా? ఇప్పుడు "ఆ అబ్బాయి" అయ్యాడా? తెలిసినవాళ్లంటే ఎవరు?

నిన్న అత్తిముగం పిల్లప్ప టమాటా లోడుతో వచ్చి ఇంటికి తొంగి చూశాడు. నీ దుకాణంలో గిన్నెలు కొనే ఆ రైతే. మాటల్లో, "అక్కగారింటి ముందర పెద్ద కారు నిలిచిండాది సార్. టీవీలో మాట్లాడే ఆ సర్వే అబ్బాయి దిగినాడు. వాళ్లమ్మా నాయినా కూడా ఉండారు. తట్టల్లో పండ్లు, పూలు ఎత్తుకోని పోయినారు" అన్నాడు. నీకు సంతోషవార్త చెబుతున్నానని అనుకున్నాడు పాపం. నేను నవ్వుతూనే కాఫీ ఇచ్చి పంపాను.

నేను అడగను. నువ్వే చెప్పు.

గిరి


హోసూరు,
సెప్టెంబరు 2

గిరీ,

దాచాలని కాదు. ఎలా చెప్పాలో తెలియలేదు.

వాళ్లంతట వాళ్లే సంబంధం అడిగించారు. సాయిప్రియను ఏదో పెళ్లిలో చూశారట. మీ బావకు కాళ్లు నేల మీద ఆనడం లేదు. టీవీలో వచ్చే అల్లుడు! నేను నీ మాట ఎత్తితే, "పెళ్లయితే అదే సర్దుకుంటుంది. ఒకే ఇంటివాళ్లయినాక పగలేమిటి?" అన్నారు. నాకూ అది నిజమే అనిపించింది. నీకు ఉద్యోగం తిరిగొస్తుందన్న ఆశ కూడా పెట్టుకున్నాను. పిల్ల వద్దనలేదు. అవుననీ అనలేదు. వయసొచ్చిన పిల్ల, సిగ్గుపడుతోందనుకున్నాం.

అక్టోబరులో వర్తక సంఘం వార్షికోత్సవం. మీ బావ కార్యదర్శి కదా, శ్రేయస్‌ను ముఖ్య అతిథిగా పిలిచారు. ఆ రోజు మధ్యాహ్నం మనింట్లో భోజనం, సాయంత్రం కల్యాణమండపంలో సభ. ఆ వారంలోనే నిశ్చితార్థం అనుకుంటున్నారు.

నువ్వు సభకు రావద్దు. చేతులు జోడించి అడుగుతున్నాను. నన్ను ఎంత తిట్టుకున్నా సరే.

అక్క


కృష్ణగిరి,
సెప్టెంబరు 15

అక్కకు,

నిన్ను తిట్టలేదు. నాలుగు ఉత్తరాలు రాసి చించేశాను. వాటిలో తిట్లున్నాయి. ఇందులో లేవు.

నేను రాను. ఒక్క కోరిక మాత్రం తీర్చు. భోజనాల దగ్గర ఆ పెళ్లికొడుకును నువ్వే ఒక ప్రశ్న అడుగు. "సులగేరియా దేశంలో మన పేరు ఎట్లుంది?" అని. అలాంటి దేశం భూమ్మీద లేదు. ఆ పేరు నేను కల్పించాను.

"అలాంటి దేశం పేరు వినలేదమ్మా" అని గానీ, "నాకు తెలియదమ్మా" అని గానీ వాడు అంటే, జరిగిందంతా మరిచిపోతాను. నిశ్చితార్థానికి స్మితతో వచ్చి, మేనమామగా నా చేత్తో అక్షింతలు వేస్తాను. ప్రమాణం చేస్తున్నాను. అలా కాక ఇంకేదన్నా అంటే, మన పిల్లను ఎలాంటివాడి చేతిలో పెడుతున్నావో నీకే అర్థమవుతుంది. ఆపైన నీ ఇష్టం.

ఇది నేను న్యాయంగా అడుగుతున్నానని నువ్వనుకోవాలని లేదు. వాడు తెలియదని అనడు. అది తెలిసే అడగమంటున్నాను.

గిరి


హోసూరు,
అక్టోబరు 14

గిరీ,

నీ ఉత్తరం అందిన రోజున నీ మీద ఒళ్లు మండింది. నా కూతురి పెళ్లితో ఆడుకుంటున్నావని. జవాబు రాయకపోవడం అందుకే. అయినా ఆ ప్రశ్న నా మనసులోంచి పోలేదు. తెలియదని వాడు ఒక్క మాటంటే మీ ఇద్దరినీ కలపవచ్చు కదా అని ఆశ పుట్టింది. ఆ ఆశతోనే అడిగాను, నీ పగ కోసం కాదు.

భోజనాలయ్యాక తాంబూలం ఇస్తూ అడిగాను. వాడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అక్కడ మనకు మంచి పేరుందమ్మా. అరవై దాటింది. అక్కడి యువతకు మన సినిమాలంటే పిచ్చి" అన్నాడు. మీ బావ తల ఊపారు. నా చేతిలో తమలపాకులు అలాగే ఉండిపోయాయి.

అంతటితో ఊరుకుని ఉందునేమో. వాడే నీ మాట ఎత్తాడు. "మీ తమ్ముడిగారి సంగతి మనసులో పెట్టుకోకండి. పెళ్లయినాక కాలేజీకి నేనొక మాట చెప్తా, ఉద్యోగం తిరిగొస్తుంది. తీయించింది నేనే కదా, మళ్లీ వేయించేది ఎంత పని?" అన్నాడు. నవ్వుతూ అన్నాడురా. నాకేదో వరమిస్తున్నట్లు అన్నాడు. మీ బావ కూడా నవ్వారు. నేనూ పళ్లు బయటపెట్టాను. లోపల ఏం రగిలిందో దేవుడికే తెలుసు.

సాయంత్రం సభలో వాడు గంటసేపు మాట్లాడాడు. తెర మీద దేశాల పేర్లు, రంగురంగుల గీతలు. చివర్లో ఎవరైనా ప్రశ్నలుంటే అడగండని మీ బావ అన్నారు. నేను చెయ్యెత్తాను. నా మొగుడు మురిసిపోతూ తానే వచ్చి మైకు నా చేతికిచ్చారు. పుట్టి బుద్ధెరిగాక నేను మైకు పట్టుకోలేదు.

"సార్, సులగేరియా దేశంలో మన పేరు ఎట్లుంది? మధ్యాహ్నం ఇంట్లో చెప్తిరి, ఈడ అందరికీ చెప్పండి" అన్నాను.

"మంచి ప్రశ్నమ్మా. సులగేరియాలో మన ఆదరణ అరవై నాలుగు శాతం. పోయినేటికంటే పెరిగింది."

"ఆ దేశం యాడుండాది సార్?"

"తూర్పు ఐరోపాలో."

"కాదు సార్. కృష్ణగిరి బస్సెక్కితే దోవలో వస్తాది. అది మన శూలగిరి. నా తమ్ముడు గిరిప్రసాద్ దానికి తోక తగిలించినాడు. మీరు అరవై నాలుగు శాతం తగిలించినారు. మా తమ్ముణ్ణి కాలేజీలో తీయించింది కూడా మీరేనని మధ్యాహ్నం మా ఇంట్లో మీ నోటితోనే చెప్పినారు."

వెనక వరసలోంచి బియ్యం మండీ సిద్దప్ప లేచి, "ఆడ మా అత్తగారిల్లు ఉండాది సార్, నన్ను ఎవురూ అడగలేదే!" అన్నాడు. ఇక చూడు! తెలుగువాళ్లు, తమిళంవాళ్లు, కన్నడంవాళ్లు, అందరూ ఒకరికొకరు చెప్పుకుని మళ్లీ మళ్లీ నవ్వారు. వాడు నీళ్ల గ్లాసు ఎత్తి, తాగకుండానే దించాడు. మొహం పాలిపోయింది. ఏదో చెప్పబోయాడు, ఎవరూ వినలేదు. వాడు తల దించుకుని మెట్లు దిగేదాకా నేను నిలబడే ఉన్నాను. కళ్లార్పకుండా చూశాను.

మీ బావ నాతో మాట్లాడటం లేదు. సంఘానికి రాజీనామా ఇచ్చారు. పెళ్లి మాట పోయింది. నాకు పశ్చాత్తాపం లేదు గిరీ. నీకు చేసినదానికి వాడికి ఇంకా తక్కువే అయింది.

ఒక్కటే బాధ. సాయిప్రియ మరుసటి రోజు పొద్దున ఆఫీసుకని వెళ్లి ఇంటికి రాలేదు. స్నేహితురాలి దగ్గర ఉన్నానని ఫోనులో ఒక్క మాట చెప్పి పెట్టేసింది. నీకేమైనా తెలిస్తే వెంటనే రాయి.

కోమల


కృష్ణగిరి,
అక్టోబరు 21

అక్కకు,

ముందు ఇది చదువు. పిల్ల మా ఇంట్లో క్షేమంగా ఉంది. ఫోను చేయవద్దని ఒట్టు వేయించుకుంది. ఉత్తరం రాయవద్దని మాత్రం అనలేదు.

ఆమె రాకముందు సంగతి చెబుతాను. సభలోని వీడియో స్మిత ఫోనుకు వచ్చింది. ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. వాడు గ్లాసు దించే చోట ఆపి, మళ్లీ వెనక్కి తిప్పి చూశాను. స్మిత ఫోను లాక్కునేదాకా చూశాను. హాస్యానికి అన్నానని వాడు టీవీలో చెప్పుకున్నాడు, దానికీ జనం నవ్వారు. నన్ను తిట్టినవాళ్లే ఇప్పుడు వాణ్ణి తిడుతున్నారు. కాలేజీకి పిల్లల తల్లిదండ్రులు వరసగా ఫోన్లు చేశారట. ప్రిన్సిపాల్ స్వయంగా మా ఇంటికొచ్చి, నన్ను తిరిగి తీసుకుంటున్నట్లు ఆర్డరు ఇచ్చాడు. దాని కింద సంతకం ఎవరిదో తెలుసా? ట్రస్టు తరఫున శ్రేయస్ వాళ్ల నాన్నది. ఆ సంతకాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. పాయసం తాగినంత తృప్తిగా ఉంది. చంపుకోలేని సంతోషం అక్కా అది.

అప్పుడే సాయిప్రియ గేటు తీసుకుని వచ్చింది. నేను ఎదురెళ్లి, "చూసినావా అమ్మా, మీ అమ్మ ఏం పని చేసిందో!" అన్నాను, నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. చెప్పులు విడిచి, మెట్టు మీదే కూర్చుంది.

ఇంట్లోంచి బయలుదేరిన పొద్దున్నే నేరుగా వాడి ఆఫీసుకు వెళ్లిందట. తర్వాత రెండు మూడు రోజులు స్నేహితురాలి గదిలో ఉండి ఇక్కడికొచ్చింది. ఆఫీసులో వాడు, "మీ అమ్మ తరఫున నువ్వొక సారీ వీడియో పెట్టు, మన పెళ్లికి అడ్డేమీ లేదు" అన్నాడట. "మా అమ్మ తరఫున మాట్లాడేదానికి రాలేదు, నా తరఫున చెప్పేదానికి వచ్చినాను. నువ్వు నాకు వద్దు" అని చెప్పి వచ్చేసిందట. నేను భేష్ అనబోయాను. చెయ్యెత్తి ఆపింది.

"ఉండు మామా. ఆ పొద్దు మధ్యాహ్నం నీ ఉద్యోగం సంగతి వాడు చెప్పినప్పుడే నాకు తెలిసిపోయింది, వద్దని. సాయంత్రం సభ అయినాక, వాడి ఎదర నిలబడి చెప్పల్లని మాటలు పేర్చుకోని కూర్చోనుండాను. అంతలో అమ్మ మైకు పట్టుకునింది. ఇప్పుడు ఊర్లో అందరూ తల్లి చెడగొట్టిన పెళ్లి అంటాండారు. నాయిన అమ్మతో మాట్లాడడు. వాడేమో అమ్మ మాట విని వచ్చినానని అనుకోని నవ్వినాడు. వద్దనింది నేను మామా. ఆ మాట నాది. మీరిద్దరూ కలిసి నా నోట్లోంచి లాక్కోని మీ పగకు వాడుకున్నారు."

నేను పాఠాలు చెప్పేవాణ్ణి. ఎవరేమడిగినా ఏదో ఒకటి చెబుతాను. ఆ రోజు మాత్రం వెళ్లి ఆ పిల్ల పక్కన మెట్టు మీద కూర్చున్నాను. స్మిత లోపలికి తీసుకెళ్లి అన్నం పెట్టింది.

ఇక్కడే ఉండి కొన్నాళ్లు కంప్యూటరులోనే ఆఫీసు పని చేసుకుంటుందట. స్మితతో బాగా మాట్లాడుతోంది. నాతో, కావలసినంతే. ఇంటికి ఎప్పుడు వస్తుందో నేను అడగలేదు. నువ్వు వస్తానంటే రా. అయితే బావను కూడా తీసుకురా, నువ్వొక్కదానివే రావద్దు. వచ్చాక సభ మాట ఎత్తకు. ఆమె ఏం చెబితే అది కూర్చుని విను. నేను అదే నేర్చుకుంటున్నాను.

సోమవారం కాలేజీకి వెళ్లాను. ఈశ్వరప్ప లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. నేను తిరిగి పెట్టలేదు.

నిజం చెబుతున్నాను, శ్రేయస్ మీద నాకు కోపం ఒక్క పిసరు కూడా తగ్గలేదు. వాడి కంపెనీ మూతపడితే విని సంతోషిస్తాను. కానీ ఆ మాట పైకి అందామనుకున్నప్పుడల్లా పక్క గదిలో సాయిప్రియ ఆఫీసు వాళ్లతో మాట్లాడుతున్న గొంతు వినిపిస్తోంది, నా నోరు మూతపడిపోతోంది.

నీ తమ్ముడు,
గిరి